రెండోసారి ఎందుకు వంగాడు

డులూత్
అక్టోబరు 9

బావా,

ముందే చెప్తున్నాను, ఇది క్షేమసమాచారాల ఉత్తరం కాదు. మేం బాగానే ఉన్నాం. మీరూ బాగానే ఉండి ఉంటారు, లేకపోతే నా చెల్లెలు ఈపాటికి మా ఇంటికి ఫోన్ చేసి ఉండేది. నాతో ఫోన్లో మాట్లాడాలని చూడకు. ఫోన్ ఎత్తితే నా చెవి మిషన్ కీచుమంటుంది.

విషయం ఇది. మా ఊరు కార్వర్ పిట్ జట్టు కోచ్ గారి భార్య ఇల్లు ఖాళీ చేస్తూ ఉంటే నేలమాళిగలో నాలుగు రేకు డబ్బాలు దొరికాయి. యాభై రెండేళ్ళ కిందటి మన కుర్రాళ్ళ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ ఆట. మీ టెన్‌మైల్ మైదానంలో, మంచులో, పద్నాలుగుకి పన్నెండుతో మేం ఓడిపోయిన ఆట. కోచ్ ఎవరినో పైకప్పు ఎక్కించి ఫిల్ము తీయించాడట. నేను దాన్ని డిస్కుల్లోకి ఎక్కించాను. ఆటలో ఒక్కో భాగానికి ఒక డిస్కు, మొత్తం నాలుగు. రెండు సెట్లు చేయించాను. ఒకటి రూడీ అన్నయ్యకి, ఒకటి ఇదిగో నీకు.

అన్నయ్యకి ఆగస్టులో పక్షవాతం వచ్చాక ఎడమ చెయ్యి పడిపోయిన సంగతి నీకు తెలుసు. మాట నెమ్మదించింది. బుర్ర మాత్రం ఎప్పటిలాగే ఉంది. కార్వర్ పిట్ వృద్ధుల సదనంలో రోజూ భోజనమయ్యాక నాలుగో డిస్కు పెట్టించుకుంటున్నాడు. ఒకే చోట ఆపమంటాడు.

నువ్వు కూడా ఆ నాలుగోది పెట్టి ముప్పై ఎనిమిదో నిమిషం చూడు. ఆ రోజు కొలత గొలుసు పట్టింది మీ నాన్న కదా. ఆయన్నే చూడు. చూసి ఏం కనిపించిందో రాయి. ఇంకేమీ రాయనక్కర్లేదు.

మార్టిన్


టెన్‌మైల్
అక్టోబరు 24

బావగారికి,

డిస్కులు అందాయి. డబ్బా మూల నలిగింది కానీ లోపల ఏమీ కాలేదు. అయితే వాటిని చూసే యోగం మాకు లేదు. డిస్కులు ఆడించే మా మిషన్ మీద నీ చెల్లెలు పూలకుండీ పెట్టి రెండేళ్ళు నీళ్ళు పోసింది. పువ్వు బతికింది, మిషన్ పోయింది. బాగు చేసే అతను ఊరొదిలి వెళ్ళాడు. అతని కథ విడిగా రాయాల్సిందే, వాళ్ళ నాన్న గనిలో మా నాన్నతో పాటు...

సరే, అది తర్వాత. ఈ నెలంతా నేను ఆవిరి గది పని మీద ఉన్నాను. పాత పొయ్యి అడుగు తుప్పు పట్టి పోయింది. కొత్తది తెచ్చాను. పొయ్యి మారిస్తే గొట్టం మార్చాలి, గొట్టం మారిస్తే కప్పులో కన్నం మార్చాలి, కన్నం మారిస్తే వాన. ఆవిరి స్నానం రోమన్ల కాలం నుంచీ ఉందని ఎవరో అన్నారు. నేను కాదనలేను, ఔననలేను. మా నాన్న వాయిదాల మీద కొన్న విజ్ఞాన సర్వస్వం పన్నెండో సంపుటంతో ఆగిపోయింది. అక్షరక్రమంలో ఆ తర్వాత వచ్చేవన్నీ నాకు తెలియని విషయాలే. రోములు అందులో ఒకటి.

పొయ్యి సందర్భంగా కూర్చునే బల్లలు కూడా ఊడదీశాను. అవి మీ అన్నయ్య కలప అడితిలో ఉండగా కోసి ఇచ్చినవి. గుర్తుందా, అప్పుడే నీకు చెప్పాను, ఎనిమిది చెక్కలూ బొటనవేలంత పొడుగొచ్చాయి, ఒక్కొక్కటీ నేను మళ్ళీ రంపం పట్టి కోసుకోవాల్సి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళు చెక్కలు కోసినవాడికి కొలత రాకపోవడం ఏమిటో.

ఆట అంటావా, నాకు డిస్కెందుకు? కంఠస్థం. నాకు పదకొండేళ్ళు. మా అమ్మ పాత దుప్పట్లో చుట్టి ఇచ్చిన మాంసం కూరిన పాస్టీ రొట్టెలు తినబోయేసరికి రాయిలా బిగుసుకుపోయాయి. పొద్దున్నించీ మంచు ఆగలేదు, గీతలు కప్పబడిపోయాయి. మైదానం అంచున గట్టు మీద మా నాన్నా, ఇంకో ఇద్దరూ నారింజ రంగు కోట్లు వేసుకుని గొలుసు పట్టుకుని నిలబడ్డారు. ఆట ముగియడానికి యాభై సెకన్లుంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు పోవాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళది; మీవాళ్ళకి అది నాలుగోది, ఆఖరిది. బంతి రూడీ చంకలో ఉంది. తలవంచుకుని మా గోడ లాంటి కుర్రాళ్ళ మీదకి ఎద్దులా దూకాడు. పన్నెండుమంది కుప్ప. కుప్ప తీసి చూస్తే పది గజాలు అయిందో లేదో తెలియలేదు. గొలుసు లోపలికి తెచ్చారు. కొలిచారు. బొటనవేలి మందమంత, ఓ అంగుళం, తక్కువ. బంతి మాకు, ఆట మాకు.

అప్పటి నుంచే కదా మన రెండూళ్ళకీ ఓ కొత్త కొలత వచ్చింది. బీరు కాస్త తగ్గిస్తే జూపాన్ అంత తక్కువ పోశావంటాం. లాగు పొట్టిగా కుడితే జూపాన్ అంత తక్కువ. మీ ఇంటిపేరు అంగుళాల పక్కన నిలబడింది, ఎంతమందికి దక్కుతుంది ఆ భాగ్యం.

రూడీ బావని అడిగానని చెప్పు. పొయ్యి సంగతి మళ్ళీ రాస్తాను.

రైనో లాహ్టి


డులూత్
నవంబరు 2

బావా,

పదకొండు పేజీలు రాశావు. లెక్కపెట్టాను. పొయ్యికి నాలుగు, గొట్టానికి రెండు, రోముకి ఒకటి. నేనడిగిన దానికి సున్న. మీ ఫిన్‌లాండ్ వాళ్ళు నోరు విప్పరంటారు. మీ జాతి మొత్తానికి రావాల్సిన మాటలన్నీ నీ ఒక్కడి వాటాకే వచ్చినట్టున్నాయి.

ఈ పెట్టెలో మా మిషన్ పంపుతున్నాను. తీగ ఎక్కడ గుచ్చాలో చెల్లి ఆంజెలాకి తెలుసు. దీని మీద పూలకుండీ పెట్టొద్దని నా మాటగా చెప్పు.

నువ్వు చూడవు కాబట్టి నేనే చెప్తాను. కుప్ప లేచాక రిఫరీ బూటుతో మంచు తోస్తాడు. మీ నాన్న గొలుసు క్లిప్పు పట్టుకుని లోపలికొస్తాడు. వంగి దాన్ని గీత మీద పెడతాడు. లేస్తాడు. ఇంతవరకూ అందరూ చేసేదే. తర్వాత ఒక్కసారి గట్టు వైపు, తను నిలబడి వచ్చిన చోటు వైపు చూస్తాడు. చూసి మళ్ళీ వంగబోతాడు. సగం వంగుతాడు. చెయ్యి మంచు దాకా పోయి ఆగుతుంది. అదే క్షణంలో అవతలి కర్ర దగ్గరున్న వాడు చెయ్యి ఊపుతాడు, మీ జనం అంతా మెట్ల మీద లేస్తారు. ఆయనా లేస్తాడు. చేతి తొడుగు తీసి జేబులో పెట్టుకుంటాడు. అంత చలిలో.

అన్నయ్య ఆపమనేది అక్కడే. ఆ సగం వంగిన బొమ్మ మీద. మొదటిసారి ఏదో మామూలు సంగతనుకున్నాను. మూడో ఆదివారం నన్ను చెయ్యి పట్టి లాగి అడిగాడు. మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"రెండోసారి ఎందుకు వంగాడు?"

నాకు తెలీదన్నాను. "రైనోని అడుగు" అన్నాడు. అందుకే అడుగుతున్నాను. మీ నాన్న రెండోసారి ఎందుకు వంగాడు? ఒక వాక్యం చాలు.

మార్టిన్


టెన్‌మైల్
నవంబరు 19

బావగారికి,

మిషన్ అందింది. ఈ ఉత్తరం జింకల వేటలో చెట్టు మీద మంచె ఎక్కి రాస్తున్నాను, రాత వంకరగా ఉంటే నా వేళ్ళని క్షమించు. మూడు రోజులైంది, ఒక్క జింకా రాలేదు. నిన్న ఒక ఉడుత వచ్చి నా రొట్టె చూసి వెళ్ళిపోయింది. ఆంజెలా చేసిన రొట్టె ఉడుతకి కూడా అక్కర్లేదని ఇంట్లో చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

చూశాను. నువ్వన్న నిమిషమే చూశాను. ఇంతకీ ఏముంది అందులో? బూటు లేసు ఊడి ఉంటుంది. కట్టుకోబోయాడు, జనం అరిచారు, లేచాడు. దీనికోసం మిషన్లు పంపుకోవడం, యాభై రెండేళ్ళ ఫిల్ముతో కాటికి పోయినవాళ్ళని లేపడం. నువ్వు రేవులో ఇనుపరాయి ఓడలకెత్తించి పింఛను పుచ్చుకున్నావు కాబట్టి తీరిక ఉంది. నాకు గొట్టం ఇంకా బిగించాల్సి ఉంది.

ఒక్క మాట చెప్తాను, ఇది ఊరికే కాదు. మా నాన్న పంతొమ్మిదేళ్ళు ఆ గొలుసు పట్టాడు. రెండూళ్ళ మనుషులూ, ఒకరి నీళ్ళు ఒకరు తాగని మనుషులు, ఆర్వో లాహ్టి కొలిచాడంటే నోరు మూసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఆ ఆటతోనే ఆయన మోకాళ్ళ నొప్పులని మానేశాడు. ఊరు ఊరంతా బతిమాలింది. అలాంటి మనిషి మీద మీ అన్నదమ్ములు కూర్చుని బొమ్మ ఆపి వేలు పెట్టి చూపించుకుంటున్నారంటే నాకు నచ్చలేదు. దొంగంటున్నావా ఆయన్ని? అంటే సూటిగా అను.

రైనో


డులూత్
డిసెంబరు 1

బావా,

బూటు లేసు అన్నావు. నువ్వు పంపిన కబురు పట్టుకుని ఆదివారం అన్నయ్య సదనంలో మళ్ళీ చూశాను. మీ నాన్న వేసుకున్నవి గనిలో ఇచ్చే రబ్బరు బూట్లు. వాటికి లేసులుండవు. పెద్దది చేసి చూశాను, బొమ్మ బాగా పాతది కానీ అంత పాతది కాదు.

మోకాళ్ళన్నావు. ఆ మోకాళ్ళతోనే ఆయన ఇంకో పద్దెనిమిదేళ్ళు మంచులో జింకల వెంట తిరిగాడు. ఓసారి ఆయన జింకని మోస్తుంటే నేనే సాయం పట్టాను. నాకంటే ముందు గట్టెక్కాడు.

మీ నాన్నని దొంగనలేదు. నేను అనాలనుకుంటే యాభై రెండేళ్ళు ఆగేవాణ్ణా? మాకు ఆయన మీద ఉన్న కోపం వేరు. మీ పెళ్ళిలో ఎవరో తాగినవాడు గ్లాసెత్తి, జూపాన్ అంత తక్కువ పోశావ్, అన్నాడు. అందరూ నవ్వారు. రూడీ కూడా నవ్వాడు, ఎప్పుడూ నవ్వుతాడు. మీ నాన్న గ్లాసు కింద పెట్టి, కోటు తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మా అమ్మ పోయేదాకా ఒకటే మాట: ఆయనకి మన పిల్ల నచ్చలేదు, మనం ఆయన కంటికి ఆనలేదు, అని. నువ్వు అక్కడే ఉన్నావు. కాదని ఒక్కసారి కూడా అనలేదు.

ఇంకోటి. బల్లల సంగతి రాశావు, కొలత రాదని. రూడీకి కొలత రాక కాదు. రోజుకి పదిమంది వచ్చి చెక్క కోయించుకుంటూ, జూపాన్ అంత తక్కువ కొయ్యకు రోయ్, అనేవాళ్ళు. అప్పట్నించీ అడిగిన దాని మీద బొటనవేలంత ఎక్కువ కోసి ఇచ్చేవాడు. అందరికీ. ముప్పై ఎనిమిదేళ్ళూ. యజమాని తిట్టినా మానలేదు. మీ చుట్టుపక్కల నువ్వు చూసే ప్రతి వరండాలోనూ ఆ బొటనవేలుంది.

పోయిన రెండు వారాలూ అన్నయ్య ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి మాట్లాడలేదు. వసంతం దాకా ఉంటాడా అని అడిగితే డాక్టరు మాట మార్చింది. అన్నయ్యకి గెలుపు అక్కర్లేదు. తను ఆ రోజు చాలినంత దూరం వెళ్ళాడా, వెళ్ళలేదా, అదొక్కటే తెలియాలి. తెలిసిన మనిషి పోయాడు. ఆ మనిషి కొడుకువి నువ్వు.

నాకు ఓపిక అయిపోతోంది బావా.

మార్టిన్


టెన్‌మైల్
డిసెంబరు 20

బావగారికి,

క్రిస్మస్ శుభాకాంక్షలు. మీ ఇంట్లో అక్కయ్య పంపిన వాల్‌నట్ రొట్టె అందింది. బాగుంది. చలి బాగా ఉంది.

నాలుగో డిస్కు గీతలు పడింది. ఇక ఆడదు.

రైనో, ఆంజెలా


టెన్‌మైల్
జనవరి 11

మార్టిన్ బావా,

కార్డుకి నువ్వు జవాబివ్వలేదు. ఇవ్వవని తెలుసు. ఆంజెలా మూడు వారాలుగా నాతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది. ఉప్పు, తలుపు, కుక్క.

డిస్కు గీతలు పడలేదు. పొయ్యిలో వేశాను. కొత్త పొయ్యిలో. నల్లటి పొగ వచ్చి ఆవిరి గది మూడు రోజులు కంపు కొట్టింది. ఏమైందంటే ఏదో ప్లాస్టిక్ అన్నాను. నీ చెల్లెలు బూడిదలోంచి దాని నడుమున్న గుండ్రటి ముక్క ఏరి తెచ్చి నా కాఫీ కప్పు పక్కన పెట్టింది. మీ ఇంట్లో ఆడవాళ్ళు తిట్టరు, వస్తువులు తెచ్చి పెడతారు.

ఇప్పుడు చెప్తాను. మధ్యలో పొయ్యి రాదు.

గొలుసు పొడుగు పది గజాలు, రెండు చివరలా రెండు కర్రలు. గట్టు మీద పట్టుకుని నిలబడతారు. కొలవాల్సి వస్తే లోపలికి తీసుకెళ్ళాలి. నడిచేటప్పుడు చోటు తప్పకుండా, మైదానంలో అయిదేసి గజాలకి వేసిన సున్నపు గీతల్లో ఒకటి గొలుసుకి ఎక్కడ తగిలితే అక్కడ ఒక క్లిప్పు పట్టిస్తారు. లోపల అదే గీత మీద ఆ క్లిప్పు పెట్టి గొలుసు లాగుతారు. ఇదంతా నీకు తెలుసు. అయినా రాస్తున్నాను, అన్నయ్యకి చదివి వినిపించేటప్పుడు తప్పు పోకూడదు. గీత వెడల్పు నాలుగంగుళాలు. అంటే దానికి రెండు అంచులుంటాయి. వెనక అంచు, గోలు వైపున్న ముందు అంచు. బయట ఏ అంచు మీద క్లిప్పు పట్టించావో లోపలా అదే అంచు మీద పెట్టాలి. మా నాన్న పంతొమ్మిదేళ్ళూ వెనక అంచే పట్టించాడు.

ఆయన పోయే ముందు శరత్కాలంలో, ఇదే ఆవిరి గదిలో, పాత పొయ్యి ముందు చెప్పాడు. నాకు ముప్పై ఏళ్ళు. రాళ్ళ మీద నీళ్ళు పోసి, ఆవిరి తగ్గేదాకా ఆగి, "ఆ రోజు రిఫరీ మంచు తోసిన చోట ముందు అంచే కనపడింది" అన్నాడు.

"ఏ రోజు నాన్నా?"

"నీకు తెలుసు ఏ రోజో."

నేను రాళ్ళ మీద ఇంకో చెంబు నీళ్ళు పోశాను.

"కనపడ్డ అంచు మీద పెట్టేశాను. లేచాక గుర్తొచ్చింది, బయట పట్టించింది వెనక అంచు అని. గొలుసు మొత్తం నాలుగంగుళాలు ముందుకి జరిగింది. సర్దుదామని వంగాను. వాడు అవతల తక్కువ అని చెయ్యి ఊపేశాడు. మీరంతా లేచి అరిచారు."

"చెప్పొచ్చు కదా. రిఫరీ పక్కనే ఉన్నాడు."

"మీరంతా అరిచారు" అన్నాడు మళ్ళీ. "నువ్వు కూడా. నీ గొంతు వినపడింది."

అంతే. ఇంక ఎప్పుడూ ఎత్తలేదు. బంతి బొటనవేలంత తక్కువుంది, గొలుసు బెత్తెడు ముందుంది. నువ్వే లెక్క చూసుకో. రూడీ పది గజాలూ వెళ్ళాడు, పైన మూడు బొటనవేళ్ళు మిగిలాయి.

పెళ్ళిలో ఎందుకు లేచి వెళ్ళాడో ఇప్పుడు నీకు తెలిసింది. నాకు ఆయన చెప్పిన రోజు తెలిసింది. మీ అమ్మ అప్పటికింకా బతికే ఉంది. ఆ క్రిస్మస్‌కి కూడా నా ఎదురుగా కూర్చుని, మీ నాన్న బాగున్నారా, అని అడిగింది. బాగున్నారన్నాను.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. మొదట ఆయన ఉన్నాడని. తర్వాత ఆయన పోయాడని. తర్వాత చాలా ఏళ్ళయిందని. ప్రతిసారీ ఏదో ఒకటి దొరికింది, నాకు మాటలకి కొదవా. అదీ కాక ఊళ్ళో ఎవరైనా జూపాన్ అంత తక్కువ అన్నప్పుడు నేను నవ్వకపోతే వాళ్ళకి అనుమానం వస్తుందేమోనని, నవ్వేవాణ్ణి. కొన్నాళ్ళకి నేనే అనడం మొదలెట్టాను. ఈ అక్టోబరులో నీకు రాసిన ఉత్తరంలో కూడా అన్నాను. చూసుకో, ఉంది.

ఆయన ఎందుకు వంగాడో ఇది. రూడీకి చదివి వినిపించు.

రైనో


డులూత్
జనవరి 19

బావా,

మూడుసార్లు చదివాను. మొదటిసారి అయ్యాక బయటికెళ్ళి వాకిట్లో మంచు ఎత్తిపోశాను. మాదే కాకుండా పక్కింటి వాళ్ళది కూడా ఎత్తిపోశాను.

మీ నాన్న మీద నాకు కోపం లేదు. చలిలో ఒక మనిషి ఒక్క క్షణం ఆగాడు. ఎవరైనా ఆగుతారు. నువ్వు ముప్పై మూడేళ్ళు ఆగావు. మా అమ్మాయి పెళ్ళిలో, నా బల్ల దగ్గర, మా అన్నయ్య ఎదురుగా, నువ్వు గ్లాసెత్తి ఆ మాటన్నావు. నాకు గుర్తుంది. వాడు నవ్వాడు. నువ్వు అప్పటికే తెలిసి అన్నావు.

నేను ఈ ఉత్తరం అన్నయ్యకి చదవను. నీ ఉత్తరం నేను చదవడమేమిటి, నీకు కాళ్ళు లేవా. టెన్‌మైల్ నుంచి కార్వర్ పిట్ పన్నెండు మైళ్ళు. నెలకి రెండుసార్లు సదనం ముందు నుంచే పోతావు, కూర దుంపలు కొనుక్కోవడానికి. లోపలికెళ్ళు. నీ నోటితో చెప్పు. నేను ఆ రోజు రాను, వస్తే నిన్ను కొడతాను, ఈ వయసులో మనిద్దరం కింద పడితే లేపేవాళ్ళుండరు.

తర్వాత రెండూళ్ళ బార్లలోనూ చెప్పు. ముందు మా ఊళ్ళో, తర్వాత మీ ఊళ్ళో. శుక్రవారం, చేపల వేపుడు రోజు, జనం నిండుగా ఉన్నప్పుడు. ఇది అడగడం కాదు.

చిన్నగా చెప్పు. పొయ్యి వద్దు, రోము వద్దు.

మార్టిన్


టెన్‌మైల్
ఫిబ్రవరి 10

మార్టిన్ బావా,

చిన్నగా రాస్తాను. ప్రయత్నిస్తాను.

రెండు వారాల కిందట గురువారం వెళ్ళాను. దారిలో లేళ్ళ మంద అడ్డమొచ్చి... సరే, అది లేదు. రూడీ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. సన్నబడ్డాడు. నన్ను చూసి కుడి చెయ్యి ఎత్తాడు. నేను టోపీ తీసి చేతిలో నలుపుతూ చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాను. పావుగంట అయ్యుంటుంది. ఆయన విని విని, "రైనో" అన్నాడు. అంతే అన్నాడు.

చెప్పాను. రెండు అంచులూ చెప్పాను. మంచు చెప్పాను. మా నాన్న వంగింది, ఆగింది, జనం అరిచింది. నేను అరిచింది.

"ఎంత?" అన్నాడు.

"నాలుగంగుళాలు."

"ఎటు?"

"గోలు వైపు, నీకు వ్యతిరేకంగా. నువ్వు దాటావు. మూడు బొటనవేళ్ళు దాటావు."

కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పక్క గదిలో ఎవరో ముసలమ్మ టీవీలో వంట చూస్తోంది, ఉల్లిపాయలెలా కొయ్యాలో అంతా వినపడింది. తర్వాత రూడీ గోడ వైపు వేలు చూపించాడు. "పెట్టు."

డిస్కులు అక్కడే ఉన్నాయి. నేను నాలుగోది తీశాను. తల అడ్డంగా ఊపాడు. "రెండోది."

పెట్టాను. నడవమన్నంత దూరం నడిపించాను. ఆపమన్నాడు, వదలమన్నాడు. బావా, నువ్వు రెండో డిస్కు చూశావా? నిజం చెప్పు. నేను చూడలేదు. అందరం కొలత కోసం నాలుగోదే చూశాం. అందులో రూడీ బంతి తీసుకుని ఎడమ గట్టు వెంట పోతాడు. ముగ్గురు మీద పడతారు, ముగ్గురూ జారి మంచులో బోర్లా పడతారు, ఒకడి చేతిలో రూడీ బూటు ఉండిపోతుంది. ఒక బూటుతో పరిగెత్తుతాడు. నలభై మూడు గజాలు. మీ ఊరి మొదటి పాయింట్లు అవే. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను, కంఠస్థమన్నాను, నాకు ఆ పరుగు గుర్తే లేదు.

రూడీ చూస్తూ, "ఇది ఎవ్వరూ అడగలేదు" అన్నాడు. ఆ వాక్యానికి ఒక నిమిషం పట్టింది.

మళ్ళీ చూశాం. నాలుగుసార్లు. కాలు చల్లగా లేదా అని అడిగితే, "ఇప్పటికీ చల్లగానే ఉంది" అన్నాడు.

లేవబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. "బల్లలు కోసేశావట."

"అవును బావా. పొడుగొచ్చాయి."

"ఎక్కువిస్తే కోసుకుంటావురా వెధవా" అన్నాడు, చాలా స్పష్టంగా. నర్సు కూడా తల తిప్పి చూసింది. నాలుగో డిస్కు పొయ్యిలో వేసిన సంగతి కూడా చెప్పాను. దానికి నవ్వాడు. ఎప్పుడూ నవ్వే నవ్వు కాదు. ఆ నవ్వు నేను ఇదివరకు చూడలేదు.

మర్నాడు శుక్రవారం మీ ఊరి బార్. నిండుగా ఉంది. ఎలా మొదలుపెట్టాలో రెండు పేజీలు రాసుకుని వెళ్ళాను. అవసరం పడలేదు. నా పక్కన గెడ్డం ముసలాయన గ్లాసు దీపానికి ఎత్తి చూసి, "ఏమ్మా లెనోర్, జూపాన్ అంత తక్కువ పోశావేంటి" అన్నాడు.

"అది జూపాన్ కాదు" అన్నాను. "అది లాహ్టి."

"ఎవరన్నారు?"

"లాహ్టి అన్నాడు. నేనే."

చెప్పాను. చేపలు చల్లారిపోయాయి. ఎవరూ కొట్టలేదు. గెడ్డం ముసలాయన చివరికి, "అయితే మేమే గెలిచేవాళ్ళమా?" అన్నాడు. "తెలీదు, గోలు ఇంకా పదకొండు గజాలుంది" అన్నాను. ఆయన తన గ్లాసుని ఇంకోసారి చూశాడు. "లెనోర్, కాస్త లాహ్టి పొయ్" అన్నాడు. లెనోర్ అంచుదాకా నింపింది.

వారం తర్వాత మా ఊళ్ళో చెప్పాను. అక్కడ అంత బాగా జరగలేదు. ఒకాయన, పోయిన మనిషి మీద కొడుకే ఇలా అంటే, అని డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. పొద్దున్న కాఫీ దగ్గర నా పక్క కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. ఆంజెలా వచ్చి కూర్చుంటోంది. కాఫీ తనకి పడదు. ఊరికే కూర్చుంటోంది.

రైనో


డులూత్
ఫిబ్రవరి 18

బావా,

చిన్నగా అన్నావు, ఆరు పేజీలొచ్చింది. లేళ్ళని ఆపేసినందుకు సంతోషం.

రెండో డిస్కు నేనూ చూడలేదు. ఆదివారం చూశాను. నా పన్నెండో ఏట నేను మీ ఊరి కంచె పక్కనే నిలబడి ఆ పరుగు కళ్ళారా చూశానట, అన్నయ్య చెప్పాడు, ఆ బూటు వెనక్కి తెచ్చిచ్చింది నేనేనట. నాకూ గుర్తులేదు. కొలతొక్కటే గుర్తుంది. ఇది నీ తప్పు కాదు కాబట్టి తిట్టడం లేదు. మిగతావాటికి తిట్టడం ఇంకా అయిపోలేదు, వేసవిలో వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని తిడతాను. చెవి మిషన్ తీసేసి తిడతాను, నువ్వేం చెప్పినా వినపడదు.

అన్నయ్యకి నెమ్ము తగ్గింది. ఇప్పుడు రెండోదే పెట్టించుకుంటున్నాడు. సదనంలో ఉన్న ముసలమ్మలందరికీ ఆ బూటు సంగతి తెలిసిపోయింది. నాలుగోది తీసి నా చేతిలో పెట్టాడు. పారేయమంటున్నాడనుకుని చెత్తబుట్ట వైపు వెళ్ళాను. కాదన్నాడు. నీకివ్వమన్నాడు, నీది కాలిపోయింది కదా అని. ఇందులో పెడుతున్నాను.

నడిపేటప్పుడు ముప్పై ఎనిమిదో నిమిషం దాకా పో. మీ నాన్న వంగుతాడు. చెయ్యి మంచు దాకా పోతుంది. అక్కడ ఆపి ఉంచుకోమన్నాడు అన్నయ్య. అంతవరకూ వచ్చాడు కదా, అన్నాడు.

పొయ్యికి దూరంగా పెట్టుకో.

మార్టిన్